ఆకాశపు సడి నాలకించిన కార్ల్ జాన్‌స్కీ

కృష్ణా తుంగభద్రల నడుమనున్న మన రాయచూరు సీమలో ఎండకాలము చివర మబ్బులు కమ్మి మెరుపు మెరిసినప్పుడెల్ల ఇంటిలోని రేడియోపెట్టె గరగరమనుట పెద్దలకు అనుభవమే. వార్తలు వినుచున్నవారు విసుగుచెంది పెట్టెను కట్టివేయుదురు. లేదా మీట త్రిప్పి మరియొక కేంద్రమును వెదకుదురు. ఆ గరగర ఏ దిక్కునుండి వచ్చుచున్నదో, ఎంత బలముతో వచ్చుచున్నదో కనిపెట్టి వ్రాసి యుంచవలెనని ఎవరికిని తోచదు. అట్టి పనికిమాలిన చప్పుడును కొలుచుటయే ఉద్యోగముగా గైకొని, ఏండ్ల తరబడి ఓర్పుతో కొలిచి, తుదకు ఆకాశమును చూచుటకు మానవులకొక క్రొత్త కన్ను నిచ్చిన యువకుడొకడు గలడు. అతడే కార్ల్ గూథె జాన్‌స్కీ. నేడు రేడియో ఖగోళశాస్త్రమని పిలువబడు విద్యకు అతడే ఆద్యుడు.

అతడు ఖగోళశాస్త్రజ్ఞుడు కాడు. అతని వద్ద దూరదర్శిని లేదు. ఆరోగ్యమును అంతంత మాత్రమే. అట్టివాడు అంతటి కార్యమును ఏ విధమున సాధించెనో తెలిసికొనుట మన విద్యార్థులకును, వారి తలిదండ్రులకును ఉపయోగకరమని తలచి ఈ చరిత్రమును వ్రాయుచున్నాము.

జాన్‌స్కీ 1905 అక్టోబరు 22న అమెరికాలోని ఓక్లహోమా సీమయందు నార్మన్ అను ఊర జన్మించెను. తండ్రి సిరిల్ జాన్‌స్కీ అచ్చటి విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు ఆచార్యుడు. వారి పూర్వులు చెక్ దేశమునుండి అమెరికాకు వలసవచ్చినవారు. బ్రతుకుతెరువునకై ఊరు విడిచి, పరభాషా ప్రాంతమున పొలమును ఇంటిని కూర్చుకొనుట యెట్టిదో తుంగభద్రా కాలువల క్రింద క్యాంపులలో నివసించు మన కుటుంబములకు మేము చెప్పనక్కరలేదు. తండ్రి తనకు భౌతికశాస్త్రము నేర్పిన కార్ల్ గూథె అను గురువునందలి గౌరవముచే కుమారునకు ఆ పేరు పెట్టెను. గురువు పేరును బిడ్డకు పెట్టుకొన్న ఇంటిలో చదువునకెంత మన్నన యుండెనో ఊహింపవచ్చును. కార్ల్ కంటె పదియేండ్లు పెద్దవాడైన అన్న, రేడియో ఇంజనీరుగా పేరు గాంచెను.

కార్ల్ విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున చదివి 1927లో భౌతికశాస్త్ర పట్టము నందెను. ఆటలయందును అతడు చురుకైనవాడు. మంచుమీద ఆడు హాకీ జట్టులో నొకడు. కాని చదువుకొను దినములలోనే అతనికి మూత్రపిండముల వ్యాధి యున్నట్లు వైద్యులు కనుగొనిరి. అది పూర్ణముగా నయమగు రోగము కాదు. ఈ కారణమున 1928లో అతడు బెల్ టెలిఫోన్ ప్రయోగశాలలలో ఉద్యోగము కోరినప్పుడు యాజమాన్యము వెనుకాడెను. అన్నగారు కలుగజేసికొని చెప్పగా పని లభించెను. అతనిని న్యూయార్కు నగరపు ఒత్తిడిలో నుంచక, న్యూజెర్సీ రాష్ట్రములోని పల్లెపట్టున నున్న కేంద్రమునకు పంపిరి. ఆ కేంద్రము కొలదికాలమునకే హోమ్‌డెల్ అను గ్రామమునకు మారెను. రోగము కారణముగా దొరికిన ఆ పల్లెటూరి కొలువే అతని కీర్తికి పుట్టినిల్లయ్యెను.

అప్పటి సమస్య యేమో చెప్పెదము. 1927లో అమెరికాకును ఇంగ్లండునకును నడుమ రేడియో మూలమున టెలిఫోను మాటలు సాగనారంభించెను. మొదట మూడు నిమిషముల సంభాషణకు 75 డాలర్ల రుసుము. అంత సొమ్ము చెల్లించినవానికి మాటలకు బదులు గరగరలు వినిపించిన ఊరకుండునా? దీర్ఘ తరంగములకు తోడుగా హ్రస్వ తరంగములను కూడ వాడవలెనని కంపెనీ సంకల్పించెను. అందులకు ముందుగా ఆ తరంగములకు అడ్డువచ్చు చప్పుళ్లు ఏ దిక్కునుండి, ఏ వేళలందు వచ్చుచున్నవో తెలియవలెను. తెలిసినచో ఏరియలును ఆ దిక్కునకు పెడమొగముగా నిలుపవచ్చును. ఈ విచారణ ఇరువదిమూడేండ్ల జాన్‌స్కీకి అప్పగింపబడెను. అతని పై యధికారి హెరాల్డ్ ఫ్రిస్ అను డెన్మార్కు దేశీయుడు. రేడియో విద్యలో ఆరితేరినవాడు.

చప్పుడు వచ్చు దిక్కును కనుగొనుటకు ఒంటి తీగ యేరియలు చాలదు. అది అన్ని వైపులనుండియు ఒక్కరీతిగనే గ్రహించును. అందుచే పెక్కు కడ్డీలను వరుసగా నిలిపి, వాని నన్నిటిని ఒక్క గ్రాహకయంత్రమునకు కలుపవలెను. దీనినే ఏరియళ్ల శ్రేణి యందుము. మన జాతరలలో రథమును లాగువారిని చూడుడు. అందరును ఒక్క క్షణమున బిగియబట్టి లాగినచో రథము కదలును. ఎవరికి తోచినప్పుడు వారు లాగినచో బలమంతయు వృథా. రేడియో తరంగమును ఇట్టిదే. శ్రేణికి ఎదురుగా వచ్చిన తరంగము కడ్డీలన్నిటిని ఒకే క్షణమున తాకును. వాని బలములు కూడుకొని గట్టి సంకేతమగును. ప్రక్కనుండి వచ్చిన తరంగము ఒక్కొక్క కడ్డీని ఒక్కొక్క క్షణమున తాకును. అందువలన ఒకదాని నొకటి చెరుపుకొనును. కావున శ్రేణి ఎటు తిరిగియుండునో అటనుండి వచ్చు సడియే హెచ్చుగా వినబడును.

ఎడ్మండ్ బ్రూస్ అను సహోద్యోగి కల్పించిన పద్ధతి ననుసరించి జాన్‌స్కీ అట్టి శ్రేణిని నిర్మించెను. కొయ్య చట్రముమీద ఇత్తడి గొట్టములను రెండు తెరలుగా అమర్చెను. ఒక తెర గ్రహించునది. రెండవది దాని వెనుక నిలిచి తరంగములను ముందునకు త్రిప్పునది. పొడవు సుమారు 30 మీటర్లు. ఎత్తు సుమారు 6 మీటర్లు. దీని నంతటిని ఫోర్డు మోటారుకారు చక్రములు నాలుగింటిపై నిలిపి, వలయాకారపు బాటమీద తిరుగునట్లు చేసెను. ఒక చిన్న మోటారు దానిని 20 నిమిషముల కొకసారి చుట్టు త్రిప్పుచుండెను. బంగాళాదుంపలు పండించిన పొలములో తిరుగుచున్న ఆ వింత యంత్రమును చూచి తోడివారు దానికి జాన్‌స్కీ రంగులరాట్నమని పరిహాసముగా పేరు పెట్టిరి. అది గ్రహించు తరంగముల పొడవు 14.6 మీటర్లు, అనగా 20.5 మెగాహెర్ట్జుల పౌనఃపున్యము. శ్రేణికి చేరిన సంకేతము గ్రాహకయంత్రములో పెంపుచెంది ఒక కలమును కదల్చును. ఆ కలము మెల్లగా కదలు కాగితపు చుట్టపై రేఖను గీయును. రాత్రింబవళ్లు ఆ రేఖ పెరుగుచునే యుండెను.

ఆ కాగితపు చుట్టలను జాన్‌స్కీ ఓర్పుతో పరిశీలించి చప్పుళ్లను మూడు తెగలుగా విభజించెను. మొదటిది దగ్గరి ఉరుములు మెరుపులవలన కలుగునది. రెండవది దూరపు గాలివానలనుండి వచ్చునది. ఈ రెంటికిని కారణము విదితమే. కంపెనీకి కావలసినదియు ఇదియే. మూడవది మిక్కిలి బలహీనమైనది. చెవికి పెట్టుకొని విన్నచో సన్నని బుసవలె ఎడతెగక సాగుచుండును. గ్రాహకయంత్రములోనే పుట్టు స్వాభావికపు సడికిని దీనికిని భేదము కనిపెట్టుట కష్టము. దానిని యంత్రదోషమని త్రోసివైచినను అడుగువారు లేరు. కాని శ్రేణి తిరిగిన ప్రతి చుట్టునందును ఆ బుస ఒకానొక దిక్కున మాత్రమే హెచ్చుచుండుట జాన్‌స్కీ గమనించెను. యంత్రములోని సడికి దిక్కుతో పనియేమి? ఇది వెలుపలినుండియే రావలెను.

1931 డిసెంబరు, 1932 జనవరి నెలల రేఖలను చూడగా ఆ బుస ఉదయమున తూర్పునను, మధ్యాహ్నమున దక్షిణమునను, సాయంకాలమున పడమటను హెచ్చుచుండెను. అనగా సూర్యునితోబాటు నడచుచుండెను. సూర్యుడే దీనికి మూలమని అతడు తలచుట సహజము. కాని అతడు ఆ మాటతో తృప్తిపడి కొలతలను నిలిపివేయలేదు. నెలలు గడచినకొలది బుస సూర్యునికంటె ముందుగా వచ్చుట మొదలిడెను. నెలకు రెండు గంటల చొప్పున అది ముందునకు జరుగుచుండెను. 1932 ఆగస్టు 31న సూర్యగ్రహణము పట్టినప్పుడు బుసలో మార్పేమైన కనబడునేమోయని పరీక్షించెను. ఏ మార్పును కనబడలేదు. తన మొదటి ఊహ తప్పని అతని కాగితములే చెప్పుచున్నవి. అతడు ఊహను విడిచి కాగితములను నమ్మెను.

నెలకు రెండు గంటలనగా దినమునకు నాలుగు నిమిషములు. ఈ లెక్క మన పల్లెలలోని రైతులకు క్రొత్త కాదు. పిల్లలకోడి యని మనము పిలుచు చుక్కల గుంపు నేడు ఉదయించిన వేళకంటె రేపు సుమారు నాలుగు నిమిషములు ముందుగా ఉదయించును. భూమి తనచుట్టు తాను తిరుగుచు సూర్యుని చుట్టు కూడ తిరుగుటచే, నక్షత్రములనుబట్టి చూచిన దినము 23 గంటల 56 నిమిషములే. బెల్ సంస్థలో పనిచేయుచు ఖగోళశాస్త్రము కూడ అభ్యసించుచుండిన స్కెల్లెట్ అను మిత్రుడు ఈ సూక్ష్మమును జాన్‌స్కీకి తెలిపెను. వెంటనే జాన్‌స్కీ ఖగోళ గ్రంథములను ముందు పెట్టుకొని నక్షత్ర కాలమునుబట్టి తన ఏడాది కొలతలను మరల లెక్కించెను. చిక్కు విడిపోయెను. బుస వచ్చుచున్నది సూర్యునినుండి కాదు; సౌరకుటుంబమునకే వెలుపల, నక్షత్రములనడుమ నిలుకడగానున్న ఒక తావునుండి. ఆ తావు ధనూరాశి దిక్కున నున్నది. పాలపుంత యొక్క నడిబొడ్డు అచ్చటనే కలదు.

మరి మొదట సూర్యుడేల తోడుదొంగవలె కనబడెను? దీనికి మన పంచాంగమే సమాధానము చెప్పగలదు. డిసెంబరు నడిమినుండి జనవరి నడిమివరకు సూర్యుడు ధనూరాశిలో నుండును. అందుచేతనే మనము దానిని ధనుర్మాస మందుము. ఆ నెలలో సూర్యుడును, పాలపుంత కేంద్రమును ఒకే దిక్కున నుండును. ఒక్క ధనుర్మాసము కొలతలతో ఆగిపోయినవాడు సూర్యుని పేరు వ్రాసి సంతకము చేసియుండును. ఏడాది పొడవున కొలిచినవానికే నిజము చిక్కెను.

1933 ఏప్రిలు 27న వాషింగ్టనులో జరిగిన రేడియో శాస్త్రజ్ఞుల సభయందు జాన్‌స్కీ తన పరిశోధనను చదివెను. మే 5న న్యూయార్కు టైమ్సు పత్రిక దానిని మొదటి పుటలో ప్రకటించెను. పది దినముల తరువాత ఒక రేడియో సంస్థ టెలిఫోను తీగమీదుగా ఆ బుసను తెప్పించి దేశమంతటికి వినిపించెను. వేల సంవత్సరములకు పూర్వము బయలుదేరిన తరంగముల సడిని సామాన్య జనులు తమ ఇండ్లలో కూర్చుండి వినిరి. 1935లో జాన్‌స్కీ మరియొక వ్యాసము వ్రాసి, ఆ తరంగములు పాలపుంత అంతటినుండియు వచ్చుచున్నవనియు, నడిబొడ్డున మిక్కుటముగా నున్నవనియు తెలిపెను. నక్షత్రములనడుమ వేగముగా పరుగెత్తు ఎలక్ట్రానులు అచ్చటి అయస్కాంత క్షేత్రములలో సుళ్లు తిరుగుటచే ఈ తరంగములు పుట్టునని శాస్త్రజ్ఞులు తరువాతి కాలమున గ్రహించిరి.

ఇంతటి కార్యము చేసినవానికి ఎట్టి గౌరవము జరిగెనో విన్న మనసు కలుక్కుమనును. కంపెనీకి కావలసిన సమాధానము దొరకెను: చుక్కల బుస టెలిఫోను మాటలకు పెద్ద అడ్డు కాదు. కావున ఆ పని ముగిసినట్లే యెంచి అతనికి వేరు పనులు అప్పగించిరి. ఖగోళశాస్త్రజ్ఞులు రేడియో విద్య నెరుగరు. రేడియో ఇంజనీర్లు నక్షత్రముల నెరుగరు. రెండు ఇండ్ల చుట్టము ఆకలితో మిగిలినట్లు ఆ గొప్ప ఆవిష్కరణము ఎవరికిని కాకుండ పోయెను. అవి ఆర్థిక మాంద్యపు దినములు. భార్యయు, ఇద్దరు బిడ్డలును, తన వ్యాధియును గల జాన్‌స్కీ ఉద్యోగమును విడువజాలడు. అప్పగించిన పనినే శ్రద్ధతో చేయుచు వచ్చెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున శత్రు జలాంతర్గాముల రేడియో సంకేతముల దిక్కును పసిగట్టు యంత్రములకై పాటుపడి సైన్యపు ప్రశంస నందెను.

గ్రోట్ రీబర్ అను యువ ఇంజనీరు మాత్రము జాన్‌స్కీ వ్యాసములను చదివి ఉత్సాహము పొంది, 1937లో తన ఇంటి పెరటిలో సొంత సొమ్ముతో సుమారు 9.5 మీటర్ల వెడల్పుగల పళ్లెమువంటి ఏరియలును నిర్మించెను. ఏండ్లపాటు ఒంటరిగా శ్రమించి రేడియో తరంగములలో కనబడు ఆకాశపటమును గీసెను. యుద్ధము ముగిసిన పిదప ఇంగ్లండు, ఆస్ట్రేలియా, హాలండు దేశములు ఈ విద్యను చేపట్టెను. కాని అది పెంపొందుటను చూచుటకు జాన్‌స్కీ ఎక్కువకాలము నిలువలేదు. 1950 ఫిబ్రవరి 14న, 44 ఏండ్ల ప్రాయమున, చిరకాలముగా పీడించిన వ్యాధికి లోబడి రెడ్‌బ్యాంక్ అను పట్టణమున కన్నుమూసెను. గొప్ప బహుమాన మేదియు అతనికి లభింపలేదు.

లోకము ఆలస్యముగానైనను అతనిని స్మరించుకొనెను. 1973లో అంతర్జాతీయ ఖగోళసమితి, ఆకాశమునుండి వచ్చు రేడియో తరంగముల బలమును కొలుచు ప్రమాణమునకు జాన్‌స్కీ యని పేరు పెట్టెను. 2012లో అమెరికాలోని న్యూమెక్సికో ఎడారియందలి 27 పళ్లెముల మహాశ్రేణికి అతని పేరు పెట్టిరి. 1964లో అదే హోమ్‌డెల్ పరిసరములలో పెంజియాస్, విల్సన్ అను ఇరువురు ఒక విడువని సడిని వెదకి వెదకి, అది విశ్వము పుట్టినప్పటి వేడికి శేషమని తెలిసికొనుటకు కారకులైరి. 1978లో నోబెల్ బహుమానము నందిరి. సడిని త్రోసివేయరాదను పాఠము ఆ నేలకు జాన్‌స్కీ నేర్పినదే.

అతని విద్య మన రాష్ట్రమునకును వచ్చెను. ఆంధ్రప్రదేశములోని హిందూపురమునకు చేరువను, కర్ణాటకమునందే, తెలుగును కన్నడమును కలిసి వినబడు గౌరిబిదనూరు సీమలో ఒక పెద్ద ఏరియళ్ల శ్రేణి వెలసెను. బెంగుళూరులోని రామన్ పరిశోధనసంస్థయు, భారతీయ ఖగోళభౌతిక సంస్థయు కలిసి దానిని నెలకొల్పెను. 1976లో అది పనిచేయసాగెను. ఆంగ్ల అక్షరమగు టీ ఆకారమున తూర్పుపడమరలుగా 1.4 కిలోమీటర్లు, దక్షిణముగా 450 మీటర్లు వ్యాపించిన ఆ శ్రేణిలో వేయి ఏరియళ్లు ఉండెను. అది జాన్‌స్కీ యంత్రమువలె తిరుగునది కాదు. ఏరియళ్ల సంకేతములను తగిన ఆలస్యముతో కలిపి, కదలకయే చూడదలచిన దిక్కును చూచుచుండెను. దాని పౌనఃపున్యము 34.5 మెగాహెర్ట్జులు.

ఆ శ్రేణియు, జాన్‌స్కీ శ్రేణియు ఒక్క తరంగమునకు ప్రత్యేకించి కుదిర్చినవే. నేటి ఇంజనీర్ల ఆశ అంతకంటె పెద్దది. ఆకాశపు సడి ఒక్క పొడవుగల తరంగము కాదు. అనేక తరంగముల కలగలుపు. గ్రాహకయంత్రము ఎంత విశాలమైన తరంగపట్టీని ఒక్కసారి స్వీకరింపగలిగిన, బలహీనమైన సడి అంత నికరముగా తేలును. పట్టీని నాలుగింతలు పెంచినచో కొలత రెండింతలు నికరమగును. కాని ఇందు చిక్కులు లేకపోలేదు. ఒక్క పొడవుగల కడ్డీ ఒక్క తరంగమునకే చక్కగా స్పందించును. కావున పొట్టివినుండి పొడుగువానివరకు క్రమముగా పెరుగు కడ్డీలను నిచ్చెనవలె కూర్చవలెను. అన్ని తరంగములకును దిక్కు చెదరకుండ ఆలస్యములను సరిపుచ్చవలెను. పట్టీ పెరిగినకొలది మన ప్రసారకేంద్రముల గోలయు లోపల జొరబడును, దానిని ఏరివేయవలెను. 1997లో గౌరిబిదనూరునందే సూర్యునికొరకు ఏర్పరచిన రెండవ శ్రేణి అట్టి నిచ్చెన ఏరియళ్లతో 40 నుండి 150 మెగాహెర్ట్జుల వరకు గల తరంగములను గ్రహించునట్లు నిర్మింపబడెను. ఒకనాడు జాన్‌స్కీ గ్రహణవేళ వెదకిన సూర్యుని సడినే అది చిత్రముగా గీయుచున్నది. జాన్‌స్కీ వెదకిన కాలమున సూర్యుడు మిక్కిలి శాంతముగా నుండెను. అతని రేడియో సడి 1942లో గాని బయటపడలేదు.

ఇక మన బాలబాలికలకు ఒక మాట. మన బడులు చిన్నవి. చుట్టును వేరొక భాష వినబడుచుండగా తెలుగులో శాస్త్రము చదువువారి గొంతు సన్నగనే యుండును. పై చదువులలో కన్నడమును, ఆంగ్లమును అలవరచుకొనక తప్పదు. అది కష్టమే యైనను అసాధ్యము కాదు. అంతమాత్రమున తెలుగులో నేర్చిన లెక్క వృథాకాదు. పిల్లలకోడి పొడుపు, ధనుర్మాసపు సూర్యుడు ఇంటిలో నేర్చినవానికి జాన్‌స్కీ చిక్కును గ్రహించుట సులభమని పైన చూచితిమి. గౌరిబిదనూరులోని వేయి ఏరియళ్లలో ఏ ఒక్కటియు ఒంటిగా చేయగలిగినది స్వల్పము. ఒక్కటిగా కూడినప్పుడు పాలపుంత వినబడెను.

తలిదండ్రులకును ఒక మనవి. బిడ్డ రేడియో విప్పి చూచినను, రాత్రి మిద్దెమీద చుక్కలు లెక్కించినను, ఇది పరీక్షలో వచ్చునాయని వెంటనే అడుగకుడు. ఒక చిన్న పుస్తకము నిచ్చి, చూచినది చూచినట్లు తేదీతో వ్రాయుమనుడు. తనకు నచ్చిన ఊహకును, తాను వ్రాసిన కొలతకును పొత్తు కుదరనప్పుడు ఏది విడువవలెనో బిడ్డ తానే తెలిసికొనును. జాన్‌స్కీ మనకు విడిచిపోయిన ఆస్తి అదియే.